కెమెరా కొనొద్దు తమ్ముడూ: తమిళ సినిమాలో సినిమాటోగ్రాఫర్ కావడం గురించి

ప్రశ్న: నాకు 23 ఏళ్లు, ఊరు గూడూరు. బీటెక్ అయ్యి ఏడాదైంది. తమిళ సినిమాల ఫొటోగ్రఫీ అంటే పిచ్చి. చెన్నై వెళ్లి సినిమాటోగ్రాఫర్ అవ్వాలని ఉంది. ఇన్‌స్టిట్యూట్‌లో చేరాలా, నేరుగా ఎవరి దగ్గరైనా అసిస్టెంట్‌గా చేరాలా? ఎన్నేళ్లు పడుతుంది? తమిళం వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. నాన్న నాలుగు లక్షలు ఇస్తానంటున్నారు, మంచి కెమెరా కొనుక్కుని వెళ్లనా?

తమ్ముడూ, నీ చివరి ప్రశ్నకి ముందు చెప్తాను, అందులో మీ నాన్నగారి డబ్బు ఉంది కాబట్టి. కెమెరా కొనొద్దు.

సినిమా సెట్‌కి ఎవరి కెమెరా వాళ్లు తెచ్చుకోరు. కెమెరా, లెన్సులు, ట్రాలీ, లైట్లు, జనరేటర్ అన్నీ అద్దెకి వస్తాయి. వాటితోపాటు వాటిని చూసుకునే మనుషులూ వస్తారు. అసిస్టెంట్‌గా చేరిన రోజు నీ చేతికి కెమెరా ఇవ్వరు, ఆరు నెలలైనా ఇవ్వరు. నువ్వు కొన్నది రూమ్‌లో బ్యాగులోనే ఉంటుంది, మూడేళ్లకి అమ్మబోతే సగం ధర కూడా రాదు. అదే డబ్బు బ్యాంకులో వేసుకుని నెలకి పన్నెండు పదమూడు వేలు తీసుకుంటూ, సాలిగ్రామంలోనో వలసరవాక్కంలోనో ఇద్దరు ముగ్గురితో రూమ్ పంచుకుంటే రెండున్నరేళ్లు గడిచిపోతాయి. నాతోపాటు వచ్చినవాళ్లలో నాకంటే మంచి కన్ను ఉన్న ఇద్దరు, రెండో ఏడాది అద్దె కట్టలేక ఇంటికెళ్లిపోయారు. వాళ్లలో ఒకతను ఇప్పుడు ఒంగోలు వైపు పెళ్లిళ్లు తీస్తున్నాడు. చాలా బాగా తీస్తాడు కూడా.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. 2006లో చెన్నై వచ్చాను. తొమ్మిదేళ్లు అసిస్టెంట్‌గా, ఆపైన అసోసియేట్‌గా, అంటే సీనియర్ అసిస్టెంట్‌గా చేశాను. తర్వాత సొంతంగా మూడు తమిళ సినిమాలు, ఒక తెలుగు సినిమా, మధ్యలో బోలెడన్ని యాడ్‌లు. పేరు చెబితే గుర్తుపట్టేంత వాణ్ని కాను. అందుకే నా మాట నీకు పనికొస్తుందనుకుంటా. బాగా పైకి వెళ్లినవాళ్లకి కింది మెట్లు సరిగ్గా గుర్తుండవు.

తమిళ సినిమాల ఫొటోగ్రఫీ అంటే పిచ్చి అన్నావు. ఆ పిచ్చి నీకు తెలుగు సినిమాలతోనే పట్టి ఉంటుంది, నీకు తెలియకుండా. 'శంకరాభరణం' కెమెరా బాలు మహేంద్రది. అంతకు రెండేళ్ల ముందు బాపు 'మనవూరి పాండవులు' కూడా ఆయనే తీశారు. 'సాగర సంగమం' పి.ఎస్. నివాస్. ఊటీ మంచులో 'గీతాంజలి' పి.సి. శ్రీరామ్. 2001 నాటి 'ఖుషి' కూడా ఆయనదే, 2012లో వచ్చిన 'ఇష్క్' కూడా. 'ఆర్య' నుంచి 'రంగస్థలం' దాకా రత్నవేలు. 'అల వైకుంఠపురములో' పి.ఎస్. వినోద్. ఒకప్పుడు మన సినిమా కూడా మద్రాసులోనే ఉండేది కాబట్టి బాలు మహేంద్ర రోజుల్లో ఇది తమిళ కెమెరా, ఇది తెలుగు కెమెరా అన్న గీత అంతగా లేదు. విజయా వాహినీ ఫ్లోర్ల మీద మార్కస్ బార్ట్లీ 'మాయాబజార్' తీసినప్పుడు రెండు భాషలకీ లైట్లు ఒకటే. ఆ స్టూడియో ఉన్న వడపళనిలో ఇప్పుడు ఆస్పత్రి, మాల్ ఉన్నాయి. నువ్వు మెట్రో దిగి అటు వెళ్తే ఇక్కడ ఫ్లోర్లుండేవంటే నమ్మలేవు.

మన ఇండస్ట్రీ హైదరాబాద్ వెళ్లిపోయాక కూడా అక్కడ నిలిచిపోయింది ఒకటుంది. దాన్ని నేను గురుపరంపర అంటాను. సంగీతంలో ఫలానావారి శిష్యుడని చెప్పుకున్నట్టు, తమిళ కెమెరా వాళ్లలో "ఎవరి దగ్గర చేశావు?" అన్నది మొదటి ప్రశ్న. పి.సి. శ్రీరామ్ దగ్గర చేసినవాళ్లు చూడు: జీవా, కె.వి. ఆనంద్, తిరు. ఆనంద్ పత్రికల్లో ఫొటోగ్రాఫర్‌గా ఉండి ఆయన దగ్గర చేరాడు, సొంతంగా తీసిన మొదటి సినిమాకే, అదీ మలయాళంలో, 1994 సంవత్సరానికి జాతీయ అవార్డు కొట్టాడు. తిరు '24' సినిమాకి జాతీయ అవార్డు తీసుకున్నాడు. మరో కొమ్మలో రవి కె. చంద్రన్, ఆయన దగ్గర చేసిన రవి వర్మన్. తంజావూరు వైపు పల్లెటూరి నుంచి ఏ ఇన్‌స్టిట్యూట్ గడపా తొక్కకుండా వచ్చిన మనిషి రవి వర్మన్. 'పొన్నియిన్ సెల్వన్' మొదటి భాగానికి 2024లో జాతీయ అవార్డు ప్రకటించారు. ఈ చెట్టులో ఏదో ఒక కొమ్మ పట్టుకోకుండా పైకి వచ్చినవాళ్లు లేరని కాదు, కానీ తక్కువ.

ఆ కొమ్మ పట్టుకుంటే వచ్చేది కెమెరా పరిజ్ఞానం అనుకునేవు. మెనూలు, లెన్సులు, సెన్సర్ల సంగతి నీకు ఇప్పటికే నా కంటే ఎక్కువ తెలిసుండొచ్చు. అక్కడ నేర్చుకునేది వేరు. ఒక సంఘటన చెప్తాను.

అసిస్టెంట్‌గా నా రెండో సినిమా. కారైక్కుడి దగ్గర పాత చెట్టియార్ల ఇల్లు. మధ్యలో ఆకాశం కనిపించే పెద్ద వాకిలి, చుట్టూ స్తంభాలు, లోపల చీకటి గదులు. ముసలావిడ గది గుమ్మంలో కూర్చుని ఉత్తరం చదివించుకునే సీను. మిట్టమధ్యాహ్నం. నేను, ఇంకో అసిస్టెంట్ కలిసి లైట్‌మ్యాన్లని పురమాయించి అప్పటికే రెండు పెద్ద లైట్లు లోపలికి లాగించాం, ముందు స్కిమ్మర్, అంటే వెలుగుని మెత్తబరిచే గుడ్డ, కూడా కట్టించాం. మా సార్, అంటే నేను ఎవరి దగ్గర చేశానో ఆ సినిమాటోగ్రాఫర్, వచ్చి చూసి, నన్ను పిలిచి, "వెళిచ్చం ఎంగేరుందు వరుదు, తంబి?" అన్నాడు. వెలుగు ఎక్కణ్నుంచి వస్తోంది అని. నేను లైటు వైపు చెయ్యి చూపించాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. రెండు లైట్లూ ఆపించి వాకిలి మెట్టు మీద కూర్చున్నాడు. పది నిమిషాలు. డైరెక్టర్ అటూ ఇటూ తిరుగుతున్నాడు, ప్రొడక్షన్ మేనేజర్ వాచీ చూసుకుంటున్నాడు, నాకు చెమటలు.

లేచి, మూడు తలుపుల్లో రెండు మూయించాడు. యూనిట్‌లో ఎవరిదో తెల్ల పంచె అడిగి తీసుకుని వాకిట్లో ఎండ పడుతున్నచోట నేల మీద పరిపించాడు. ఎండ పంచె మీద పడి అక్కణ్నుంచి లేచి ముసలావిడ గడ్డం కిందికి, కళ్లలోకి వెళ్లింది. ఆ వయసు కళ్లలో చుక్క మెరిసింది. ఎడమ పక్క వెలుగు ఎక్కువైందని నల్లబట్ట కట్టించాడు, ఇంకో నల్లబట్ట తల మీద. ఆ సీన్ మొత్తానికి వాడింది ఒక్క చిన్న లైటు, అదీ వెనక గదిలో ఇత్తడి బిందె కనబడటానికి. నల్లబట్టలు మాత్రం ఐదు. పంచె ఇచ్చిన డ్రైవర్ సాయంత్రం దాకా లుంగీలో తిరిగాడు.

తమిళంలో టైటిల్స్‌లో మన పని పేరు "ఒళిప్పదివు" అని పడుతుంది. ఒళి అంటే వెలుగు, పదివు అంటే నమోదు. మన తెలుగు టైటిల్స్‌లో "ఛాయాగ్రహణం". ఛాయ అంటే నీడ కూడా కదా. వాళ్లు వెలుగుని రాసుకున్నారు, మనం నీడని పట్టుకున్నాం. నేను కారైక్కుడిలో నేర్చుకున్నదానికి మన మాటే దగ్గరగా ఉంది అనిపిస్తుంది. సరే, పక్కకి వెళ్లాను.

ఆ ప్రశ్న మా సార్ తొమ్మిదేళ్లూ అడిగాడు. రాత్రి సీన్లో, అడవిలో, పాట సెట్లో, స్కూటర్ మీద. వెలుగు ఎక్కణ్నుంచి? 1987లో వచ్చిన 'నాయకన్'లో పి.సి. శ్రీరామ్ వెలుగుని మనుషుల నెత్తి మీద నుంచి దింపారు. కళ్లు సగం నీడలోకి వెళ్లిపోతాయి, మనిషి లోపల ఏమనుకుంటున్నాడో తెలియదు, ఆ తెలియకపోవడమే ఆ పాత్ర. ఆ సినిమాకి ఆయనకి జాతీయ అవార్డు వచ్చింది. మన తోట తరణిగారికీ ఆర్ట్ డైరెక్షన్‌కి అదే సినిమాకి వచ్చింది. ఈ రెండు అవార్డులూ కలిపి చూడు. సెట్ వేసేటప్పుడే వెలుగు ఏ సందులోంచి రావాలో ఇద్దరూ కూర్చుని అనుకోకపోతే ఆ పని జరగదు. అసిస్టెంట్‌గా ఉన్నప్పుడు ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లతో టీ తాగడం అలవాటు చేసుకో. గోడకి ఏ రంగు వేస్తున్నారో నీకు ముందే తెలుస్తుంది.

ఆ రోజుల్లో ఇలా తీస్తే గొడవే. "ఇంత చీకటి పెడితే బి సెంటర్లో ఏం కనబడుతుంది?" అన్న మాట నేను కూడా విన్నాను, ఇరవై ఏళ్ల తర్వాత కూడా. నిజానికి ఆ మాటలో కొంత న్యాయం ఉంది. ఊళ్లలో ప్రొజెక్టర్ దీపం పాతబడి ఉండేది, తెర మాసి ఉండేది. ల్యాబ్‌లో నిండుగా కనిపించిన నీడ అక్కడ నల్లటి గోడ అయిపోయేది. కొత్తగా సొంత సినిమా చేసినప్పుడు మధురైలో ఓ థియేటర్‌లో మొదటి రోజు కూర్చుని నా రాత్రి సీన్ నాకే కనబడక తల వంచుకున్నాను. ఇప్పుడు ప్రొజెక్షన్ మెరుగై ఆ బాధ తగ్గింది. బదులు ఫోన్‌లో, ఎండలో, బస్సులో చూసేవాళ్లు వచ్చారు.

ఫిల్మ్ రోజుల కథ ఇప్పుడెందుకు అంటావేమో. ఒకటి చెప్తా, ఉపయోగం ఉంది. 35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు పోతుంది. 400 అడుగుల డబ్బా నాలుగున్నర నిమిషాలు కూడా రాదు. కాబట్టి "రోల్ కెమెరా" అన్న ప్రతిసారీ డబ్బు పరుగెత్తుతున్న చప్పుడు వినబడేది, నిజంగానే చప్పుడు. నా మొదటి ఏడాది పని ఆ డబ్బాలు మార్చడం. నల్ల సంచీలో చేతులు దూర్చి, చూడకుండా, తీసిన ఫిల్మ్ డబ్బాలో పెట్టి కొత్తది ఎక్కించాలి. ఒకరోజు సంచీ జిప్పు ఒకటి వేలెడంత తెరిచి ఉంది, చూసుకోలేదు. రెండ్రోజుల తర్వాత ల్యాబ్ నుంచి ఫోన్. అంచంతా ఫాగ్, అంటే వెలుగు దూరి ఫిల్మ్ పాడైంది. పోయినవి ఓ పెద్ద నటుడు ఏడ్చే మూడు టేకులు. ఆయన్ని మళ్లీ పిలిచి మళ్లీ ఏడిపించాల్సి వచ్చింది. ఆయన ఏమీ అనలేదు, నా వైపు చూసి "సరి, తంబి" అన్నాడంతే. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. తర్వాత మూడు వారాలు మ్యాగజైన్ (కెమెరాకి తగిలించే ఫిల్మ్ డబ్బా) ముట్టుకోనివ్వలేదు, రిపోర్టులు రాయించారు: సీన్ నంబరు, లెన్సు, స్టాపు (లెన్సు ఎంత తెరిచామో), ఫిల్టరు, కెమెరా ఎత్తు. శిక్ష అనుకున్నాను. ఆ మూడు వారాల్లో నేర్చుకున్నంత తర్వాత మూడు నెలల్లో కూడా నేర్చుకోలేదు, ఎందుకంటే ప్రతి షాట్‌కీ సార్ ఏం నిర్ణయించాడో కాగితం మీద కనబడేది. ఇప్పటికీ నా అసిస్టెంట్ల చేత రాయిస్తాను. కెమెరాలోనే అన్నీ మెటాడేటాగా ఉంటాయి కదా అంటారు. ఉంటాయి, చూసేదెవరు?

డిజిటల్ వచ్చింది, మంచిదే. పి.సి. శ్రీరామ్ 2004లోనే 'వానం వసప్పడుం' డిజిటల్‌లో తీసి చూశారు. కానీ మా చేతుల్లోకి నిజంగా వచ్చింది 2010 తర్వాత, రెడ్, అలెక్సా కెమెరాలతో. 2012 జనవరిలో ఫిల్మ్ తయారుచేసే కొడాక్ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసిందన్న రోజు మా యూనిట్‌లో ఒక పెద్దాయన, జీవితమంతా ఫిల్మ్ లోడ్ చేసినాయన, కాసేపు మాట్లాడలేదు. రెండు మూడేళ్లలో అందరం మారిపోయాం. డిజిటల్ వల్ల లాభం నీలాంటివాళ్లకి. అదే సమయంలో కలైంజ్ఞర్ టీవీలో 'నాళయ ఇయక్కునర్' అనే షార్ట్ ఫిల్మ్ పోటీ నుంచి కార్తీక్ సుబ్బరాజ్, నలన్ కుమారస్వామి, బాలాజీ మోహన్ లాంటి డైరెక్టర్లు వచ్చారు. అప్పటిదాకా కొత్త డైరెక్టర్‌కి నిర్మాత అనుభవం ఉన్న కెమెరామన్‌ని పెట్టేవాడు. వీళ్లొచ్చాక డైరెక్టర్ తన షార్ట్ ఫిల్మ్ స్నేహితులతోనే సినిమా చేయడం మామూలైంది. నా వయసు వాళ్లలో చాలామందికి మొదటి సినిమా ఇలాగే వచ్చింది.

నాకూ అలాగే. అందుకే నీ "ఎన్నేళ్లు" ప్రశ్నకి లెక్క చెప్పడం కష్టం. అసిస్టెంట్‌గా నాలుగైదు సినిమాలు మొదలు నుంచి గుమ్మడికాయ కొట్టేదాకా చేయి. ఒక్కో సినిమా ఏడాది పట్టొచ్చు, ఒక్కోటి మధ్యలో ఆగిపోవచ్చు, హీరో డేట్లు కుదరక ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చోవచ్చు. ఈలోగా నీ వయసు అసిస్టెంట్ డైరెక్టర్లతో స్నేహం చేయి. నీకు మొదటి సినిమా ఇచ్చేది నీ గురువు కాదు, పక్కన క్లాప్ కొడుతూ నీతో టీ షేర్ చేసుకున్నవాడు. నాకు క్లాప్ కొట్టినవాడు ఆరేళ్ల తర్వాత కథ పట్టుకుని వచ్చాడు. ఆ సినిమా సరిగా ఆడలేదు, అది వేరే సంగతి. ఈ వృత్తిలో కష్టమైంది రెండో సినిమా. మొదటిది స్నేహంతో వస్తుంది, రెండోది మొదటిదాన్ని చూసి వస్తుంది.

డబ్బు గురించి దాచను. మొదట్లో జీతం ఉండదు, షూటింగ్ రోజుకి బత్తా ఉంటుంది. షూటింగ్ లేకపోతే అదీ లేదు. మా రోజుల్లో నాకు రోజుకి 150 వచ్చేది, ఇప్పుడు ఎంతో కొంత మెరుగు. అసోసియేట్ అయ్యాక సినిమాకి ఇంత అని మాట్లాడుకుంటారు, ఆ ఇంతలో చివరి వాయిదా ఎప్పుడూ గాల్లోనే ఉంటుంది. సొంతంగా చేసేటప్పుడు గుర్తుపెట్టుకో: షూటింగ్ అయిపోతే పని అయిపోదు. డీఐ గదిలో కంప్యూటర్ మీద సినిమా రంగులు సరిచూసుకుంటూ వారాలు గడుస్తాయి, ఆ రోజులకి డబ్బు విడిగా మాట్లాడుకోకపోతే ఎవరూ ఇవ్వరు. నా మొదటి సినిమాకి నెలన్నర ఊరికే కూర్చున్నాను. అందుకే చాలామంది యాడ్‌లతో బతుకుతారు. రెండు రోజుల పనికి సినిమా మీద నెలకొచ్చేది వస్తుంది. రాజీవ్ మీనన్ లాంటివాళ్లు యాడ్‌లలో పేరు తెచ్చుకునే 'బొంబాయి' లాంటి సినిమాలు చేశారు. తప్పేమీ లేదు.

డీఐ అన్నాను కాబట్టి ఇంకో మాట. ఆ గదిలో నిన్ను ఎక్కువసార్లు అడిగేది మొహాలు తెల్లబరచమని. ముఖ్యంగా హీరోయిన్‌ని. తమిళ సినిమాలో గత ఇరవై ఏళ్లలో నాకు బాగా నచ్చిన మార్పు ఇక్కడే వచ్చింది. విజయ్ మిల్టన్ తీసిన 'కాదల్', వేల్‌రాజ్ తీసిన 'ఆడుకళం', తేని ఈశ్వర్ తీసిన 'కర్ణన్' చూడు. ఎండలో పనిచేసే మనుషులు ఎండలో పనిచేసే మనుషుల్లాగే ఉంటారు. నల్లటి చర్మాన్ని మెరిసేలా, లోతుగా పట్టడం తెల్లటి మొహాన్ని పట్టడం కంటే కష్టం. చెమట మీద పక్క నుంచి వచ్చే వెలుగు చూడాలి, వెనక గోడ ఏ రంగో చూడాలి. లైట్ పెంచితే సరిపోదు, పెంచితే మొహం బూడిద అవుతుంది. నేను దీన్ని నాలుగైదేళ్లు తప్పు చేశాను. నల్లటి నటుడు ఫ్రేమ్‌లోకి రాగానే అలవాటుగా ఒక లైటు ఎక్కువ పెట్టేవాణ్ని. మనకి కూడా, కోస్తాలో రాయలసీమలో, ఇదే చర్మం కదా, మన సినిమాల్లో ఇది ఇంకా నేర్చుకోవాలని నా అభిప్రాయం. ఎవరికైనా కోపం వస్తే రానీ.

ఇన్‌స్టిట్యూట్ సంగతి. చెన్నై తరమణిలో ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఇప్పుడు ఎంజీఆర్ పేరు మీద. పి.సి. శ్రీరామ్, రాజీవ్ మీనన్ అక్కడ చదివినవాళ్లే. ఫీజు తక్కువ, సీట్లూ తక్కువ. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐ నుంచి బాలు మహేంద్ర, సంతోష్ శివన్ వచ్చారు. సంతోష్ శివన్ 'ఇరువర్'లో వెలుగుతో చేసిన పని చూడు, దాని తర్వాత రాజకీయ సభ సీన్ ఎవరు తీసినా వెలితిగానే అనిపిస్తుంది. 2024లో కాన్ చిత్రోత్సవంలో, లెన్సులు తయారుచేసిన పియెర్ ఆంజెన్యూ పేరు మీద సినిమాటోగ్రాఫర్లకి ఇచ్చే గౌరవం తీసుకున్న మొదటి భారతీయుడు ఆయనే. డిగ్రీ ఉంది కాబట్టి పుణె, కోల్‌కతా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌ల ఎంట్రన్స్‌లు రాయి, వస్తే వెళ్లు, మూడేళ్లు మిగతా ప్రపంచం సినిమా చూడొచ్చు. రాకపోతే బెంగపడకు. ప్రైవేటు కోర్సులు చెన్నైలో చాలా ఉన్నాయి, కొన్ని మంచివి. లక్షలు కట్టే ముందు అక్కడ చదివి బయటికొచ్చిన ముగ్గురితో మాట్లాడు, వాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో అడుగు. బ్రోషర్‌లో ఫొటోలు చూసి కట్టొద్దు. అసిస్టెంట్‌గా చేరి నేర్చుకోవచ్చా అంటే, నేర్చుకోవచ్చు, నేను అలాగే నేర్చుకున్నాను, కానీ ఖాళీలు అలాగే మిగిలిపోతాయి. నాకు ఫిల్టర్ల వెనక భౌతికశాస్త్రం ముప్ఫై దాటాక అర్థమైంది. బీటెక్ చేశావు, నీకు ఆ ఇబ్బంది ఉండదు.

ఎలా చేరాలి అంటే, ఇంటి ముందు నిలబడే రోజులు పోయాయి గానీ పూర్తిగా పోలేదు. సినిమాటోగ్రాఫర్లకి మెయిల్ పెట్టు, ఇరవై పెడితే ఒకటికి జవాబు వస్తుంది. అంతకంటే తేలిక దారి, వాళ్ల అసోసియేట్‌ని పట్టుకోవడం. జట్టులో ఎవరుండాలో చాలాసార్లు అసోసియేటే చూస్తాడు. సినిమా చివర టైటిల్స్ ఆగి చదువు, అందరూ లేచి వెళ్లిపోతుంటే కూర్చుని. "ఒళిప్పదివు" కింద ఉదవి అని చిన్న అక్షరాల్లో పేర్లుంటాయి, అంటే అసిస్టెంట్లు. అది తమిళంలోనే ఉంటుంది. అందుకే చదవడం నేర్చుకో. నెల చాలు, మన లిపి కంటే అక్షరాలు తక్కువ. ఎప్పుడు ఎక్కడ షూటింగో చెప్పే కాల్ షీట్ వాట్సాప్‌లో తమిళంలో వస్తుంది, లొకేషన్ బోర్డు తమిళంలో ఉంటుంది, లైట్‌మ్యాన్ నీతో తమిళంలో తప్ప మాట్లాడడు, మాట్లాడాల్సిన అవసరం కూడా లేదు. తెలుగువాడివని ఎవరూ వెనక్కి నెట్టరు, నేను హామీ ఇస్తాను. "గుల్టి" అని ఒకరిద్దరు ఏడిపిస్తారు. నవ్వేసి పని చెయ్యి.

లైట్‌మ్యాన్లని మాత్రం ఎప్పుడూ చిన్నచూపు చూడొద్దు. సెట్‌కి అందరికంటే ముందొచ్చేది వాళ్లు, చివర్లో వెళ్లేది వాళ్లు, ఇరవై అడుగుల ఎత్తులో కోడంబాక్కం వేడిలో నిలబడేది వాళ్లు. అది ప్రమాదకరమైన పని. 2020 ఫిబ్రవరిలో చెన్నై దగ్గర ఒక పెద్ద సినిమా సెట్‌లో క్రేన్ కూలి ముగ్గురు పోయారు. తాడు సరిగ్గా కట్టలేదనిపిస్తే షాట్ ఆపే ధైర్యం అసిస్టెంట్‌కి కూడా ఉండాలి. ఒకసారి నేను ఆపాను, డైరెక్టర్ అరిచాడు, మా సార్ నా పక్క నిలబడ్డాడు.

మా చెల్లి కూడా వస్తానంటోంది అని ఇంకొకరు నన్ను ఈ మధ్య అడిగారు, దానికి కూడా ఇక్కడే చెప్పేస్తాను. రావచ్చు. బి.ఆర్. విజయలక్ష్మి 1985లో భాగ్యరాజ్ 'చిన్న వీడు' తీసింది. ఆసియాలోనే మొదటి మహిళా సినిమాటోగ్రాఫర్‌గా ఆమె పేరు చెబుతారు. ఇప్పుడు యామిని యజ్ఞమూర్తి లాంటివాళ్లు ఉన్నారు. రాత్రి షూట్‌ల తర్వాత ఇంటికి వెళ్లే బండి సంగతి మాత్రం ముందే ప్రొడక్షన్‌తో ఖచ్చితంగా మాట్లాడుకోమను.

నువ్వు రావాలనుకుంటే సంక్రాంతి అయ్యాక రా. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చెన్నైలో వానలు, అవుట్‌డోర్లు ఆగిపోతాయి, ఎవరికీ కొత్తవాళ్లు అక్కర్లేదు. పొంగల్ తర్వాత కొత్త సినిమాల పూజలు జరుగుతాయి. గూడూరు నుంచి రైలెక్కితే రెండున్నర గంటల దూరం, మొదట ఒకట్రెండుసార్లు ఊరికే వచ్చి చూసుకుని వెళ్లు.

అప్పటిదాకా ఒక పని చెయ్యి. మీ ఇంట్లో కిటికీ ఉన్న ఒక గది చూడు. మీ అమ్మగారినో నాయనమ్మనో రోజూ అదే కుర్చీలో, అదే చోట కూర్చోబెట్టు. ఫోన్ చాలు, అదీ అదే చోట పెట్టు. పొద్దున ఆరుకి, తొమ్మిదికి, మధ్యాహ్నం, మూడింటికి, దీపాలు పెట్టే వేళకి తియ్యి. మొదటి వారం ఏమీ కదపకు. రెండో వారం కిటికీ ఒక రెక్క మూసి తియ్యి. మూడో వారం నేల మీద తెల్ల దుప్పటి వేసి తియ్యి. నాలుగో వారం అదే చోట నల్ల దుప్పటి. పక్కన నోట్‌బుక్‌లో ప్రతిదానికీ వెలుగు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుగులోనే రాసుకో. ఎవరి దగ్గరికి వెళ్లినా షార్ట్ ఫిల్మ్ లింక్ కంటే ముందు ఆ నోట్‌బుక్ చూపించు. నా దగ్గరికి వచ్చినా అదే అడుగుతాను.